తిరిగొచ్చిన క్యారేజీ

నాలుగు గిన్నెల క్యారేజీ భోజనాల బల్ల మీద మూత తియ్యకుండా అలాగే ఉంది. మధ్యాహ్నం ఒకటిన్నరకి బడి నుంచి తిరిగొచ్చింది. ఇప్పుడు నాలుగు కావస్తోంది. దాన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని చెప్పి, బంగారమ్మ దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ కూడా పొద్దుటి కాఫీ మీదే ఉంది.

ఆ ఇంటి నుంచి అన్నం బయటికి వెళ్ళడమే గాని, వెళ్ళిన అన్నం వెనక్కి రావడం అనేది ఆవిడ కాపురానికి వచ్చిన నలభై రెండేళ్ళలో ఎన్నడూ లేదు. చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళకి వెళ్ళేది. భీమవరం ఆసుపత్రిలో పడుకున్న చుట్టాలకి వెళ్ళేది. పురుడు వచ్చిన ఇళ్ళకీ, ఎలక్షన్ డ్యూటీకి వచ్చిన ఉద్యోగస్థులకీ, ఎవరో ఏమిటో తెలియకపోయినా భోజనం వేళకి ఊళ్ళో ఉన్నవాళ్ళకీ వెళ్ళేది. గిన్నెలన్నీ కడిగి తిరిగొచ్చేవి. ఉత్త గిన్నె ఇవ్వకూడదని కొందరు నాలుగు జామకాయలు వేసి మరీ పంపేవారు. నిండుగా వెళ్ళి నిండుగా వచ్చింది ఇదొక్కటే.

"ఇంకోసారి చెప్పవే. ఆవిడ ఏమందీ?" అని అడిగింది బంగారమ్మ.

పనిమనిషి పాపాయమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. బంగారమ్మ మనవరాలు శ్రీసత్య ఒకటో తరగతిలో చేరిన నాటి నుంచి ఈ ఎనిమిదో తరగతి దాకా, మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళి, బడి వరండాలో అన్నం కలిపిచ్చి, పిల్ల ఆఖరి ముద్ద మింగేదాకా పక్కనే కూర్చుని వచ్చే మనిషి ఆమే.

"సైన్సు టీచరుగారండి. ఇయ్యన్నీ ఇక్కడ కుదరవన్నారండి. పట్టుకుపొమ్మన్నారండి."

ఇది చెప్పడం నాలుగోసారి. నాలుగుసార్లూ పాపాయమ్మ నేలచూపులే చూసింది. తన కోపానికి జడిసి అలా చూస్తోందనుకుంది బంగారమ్మ.

కింది గిన్నెలో అన్నం. దాని మీద గిన్నెలో నెయ్యి తేలే ముద్దపప్పు. ఆ పైన రొయ్యల ఇగురు. అన్నిటికంటే పైన గడ్డపెరుగు, పక్కన ఆకులో చుట్టిన రెండు పూతరేకులు. ఆత్రేయపురం నుంచి ఎవరు వస్తున్నా బంగారమ్మ తెప్పించేది అవే. పిల్ల నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోవాలి, పిల్ల నవ్వాలి. ఆ నవ్వు పాపాయమ్మ చూసి వచ్చి చెప్పాలి. బంగారమ్మకి మధ్యాహ్నం నిద్ర పట్టేది ఆ తర్వాతే.

ఇదంతా పోయిన శనివారం నాటి తూకంతో మొదలైంది. బడిలో పిల్లల ఆరోగ్యం చూస్తామన్నారు. తూచే మెషీను లేదన్నారు. బంగారమ్మ కొడుకు శ్రీనివాసరాజుకి ఎవరైనా లేదంటే ఊరుకోవడం చేతకాదు. రొయ్యల షెడ్డులో కాటా తీయించి, తూచే సత్తియ్యని కూడా వెంట ఇచ్చి పంపాడు. ఆ సాయంత్రం, క్లాసు మొత్తం మీద మన పిల్లే ఎక్కువ తూగిందటమ్మా అని నవ్వుతూ చెప్పాడు. బంగారమ్మ పిల్ల ఫస్టు ర్యాంకు తెచ్చినంత సంబరపడింది. ఎందరి కళ్ళు పడ్డాయో ఏమోనని ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసి పొయ్యిలో వేసింది.

సోమవారం నాడు బడి నుంచి ఇంటింటికీ కాగితం వచ్చింది. ఆ కాగితం మీద ఏముందో బంగారమ్మకి ఇవాళ్టిదాకా తెలియదు. సంతకం పెట్టిన మనిషి చెప్పలేదు.

సంతకం పెట్టిన మనిషి వంటింట్లో నుంచి మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. కోడలు నాగశ్రీ.

"కాస్త ఏదైనా తినండి అత్తయ్యగారూ. మాత్ర వేసుకోవాలి మీరు."

"నా మాత్ర సంగతి తర్వాత. మధ్యాహ్నం పిల్ల ఏం తిందో అది చెప్పు ముందు."

నాగశ్రీ దాచలేదు. పొద్దున్నే డబ్బా పెట్టి పంపానని చెప్పింది. కొంచెం అన్నం, తోటకూర పప్పు, దోసకాయ ముక్కలు, మజ్జిగ. పొద్దున్నే ఎవరి డబ్బా వాళ్ళే తీసుకెళ్ళాలనీ, మైలు దూరంలోపు ఉన్న పిల్లలు జట్టుగా నడిచి రావాలనీ కాగితంలో అడిగారని చెప్పింది. ఈ మూడు రోజులూ సాయంత్రం పూట శ్రీసత్య కాలువ గట్టు వెంట మిగతా ఆడపిల్లలతో నడిచే వస్తోందని కూడా చెప్పేసింది.

తోటకూర దగ్గరే ఆగిపోయిన బంగారమ్మ, ఈ ఆఖరి మాట దగ్గరకి వచ్చేసరికి కుర్చీ చెయ్యి పట్టుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆవిడకి ఆ క్షణాన తెలిసింది.

ఆవిడ పదిహేడేళ్ళప్పుడు తెరలు కట్టిన బండిలో ఈ ఇంటికొచ్చింది. ఆ తర్వాత తెరలు కట్టిన కారెక్కింది. వీధి గుమ్మానికీ కారు తలుపుకీ మధ్య ఉన్న నాలుగడుగులే ఆవిడ నడిచిన రోడ్డు. రాజుల ఇళ్ళల్లో ఆడవాళ్ళకి అది గౌరవం అని చెప్పారు, ఆవిడా అలాగే అనుకుంది. కాలం మారిందని ఆవిడకీ తెలుసు. కోడలు ఉండి అనే ఊరి నుంచి భీమవరం వెళ్ళి ఇంటర్ చదివిన పిల్ల. కానీ మారిన కాలం కూడా కారులోనే వెళ్ళి రావాలని బంగారమ్మ ఉద్దేశం.

"అయితే తాతాజీ కారు ఎందుకు తీస్తున్నాడు రోజూ?"

"కాలువ వంతెన దాకా వెళ్ళి వెనకే నెమ్మదిగా వస్తున్నాడండి. నేనే రమ్మన్నాను."

"అంటే డ్రైవరుకి తెలుసు, పాపాయమ్మకి తెలుసు, నీకు తెలుసు. నాకే తెలియదు."

నాగశ్రీ గ్లాసు బల్ల మీద పెట్టింది. మేడ మెట్లెక్కితే పిల్లకి ఆయాసం వస్తోందని ఆరు నెలలుగా చెబుతూనే ఉన్నానంది. ఎదిగే పిల్ల, అది కండ అని మీరు కొట్టిపారేశారంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బంగారమ్మకి తేలికయ్యేది.

"తిండి పెట్టడం తప్పా అమ్మాయ్? పెట్టిన చేతినే తప్పంటావా?"

నాగశ్రీ కాసేపు ఆ క్యారేజీ వంక చూసింది. తర్వాత, ఎన్నాళ్ళ నుంచో నోట్లో ఉంచుకున్న మాట బయటపెట్టింది.

"నెయ్యి తగ్గించమని డాక్టరుగారు మామగారికి చెప్పినప్పుడు కూడా మీరు ఇలాగే రెండు పూటలు అన్నం మానేశారండి. మీ అలక తీరడానికి ఆయన మళ్ళీ తిన్నారు."

 పాపాయమ్మ ఎప్పుడు జారుకుందో ఎవరూ చూడలేదు.

బంగారమ్మ భర్త వేణుగోపాలరాజుగారు షుగరు వ్యాధితో ముందు కాలి వేలు, తర్వాత పాదం, ఆ తర్వాత ప్రాణం పోగొట్టుకుని తొమ్మిదేళ్ళయింది. అప్పటికి ఆయనకి యాభై అయిదు. డాక్టరు అన్న మాటా, తన అలకా, ఆయన నవ్వి 'పెట్టవే' అనడమూ బంగారమ్మ మరిచిపోలేదు. ఇంట్లో ఇంకెవరైనా గుర్తుపెట్టుకున్నారని మాత్రం అనుకోలేదు. ఆవిడకి కోపం రాలేదు. క్యారేజీని బల్ల మీద కాస్త దూరంగా జరిపింది. 

అయిదింటికి శ్రీసత్య వచ్చింది. చెప్పులనిండా గట్టు మట్టి, మొహమంతా చెమట. గుమ్మంలో అడుగు పెట్టగానే బల్ల మీద క్యారేజీ కనిపించింది. అక్కడే ఆగిపోయింది. మామ్మ మొహం చూసింది, అమ్మ మొహం చూసింది, మేడ మీదికి వెళ్ళిపోయింది.

"చూశావా, పిల్ల మొహం ఎలా వాడిపోయిందో. మధ్యాహ్నం కడుపు నిండలేదు దానికి," అంది బంగారమ్మ.

పిల్లని పిలిచి అడుగుదామని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. ఏం తిన్నావని అడిగే ఇల్లే గాని, ఏం కావాలని అడిగే ఇల్లు కాదది. అడిగే లోపే పెట్టేస్తారు.

శ్రీనివాసరాజు చెరువుల దగ్గర నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూనే సంగతంతా విన్నాడు. అతనికి అమ్మంటే ప్రాణం, బడంటే అభిమానం. పోయిన వేసవిలో ఆ బడికి పది ఫ్యాన్లు పెట్టించింది అతనే. అందుకే ఎక్కువ నొచ్చుకున్నాడు. భార్యని ఒక్క మాట అనలేదు, ఆమె వంక చూడనూ లేదు. అది నాగశ్రీకి తిట్టు కంటే ఎక్కువైంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మన అన్నం కుదరదన్న చోట మన పిల్ల చదవక్కర్లేదని అతను తేల్చేశాడు. భీమవరంలో ఇంటి ముందుకి వ్యాను వచ్చే బడులు బోలెడున్నాయన్నాడు. రేపే వెళ్ళి టీసీకి కాగితం ఇచ్చేస్తానన్నాడు. అన్నీ అన్నాక, ఎప్పటిలాగే తల్లి వైపు తిరిగాడు.

"నీ మాటేంటమ్మా?"

"తీసెయ్," అంది బంగారమ్మ. కాసేపాగి, "నేనూ వస్తాను. ఆ టీచరుతో రెండు మాటలు మాట్లాడాలి," అంది.

*

మర్నాడు మూడున్నరకి తెరలు వేసిన మారుతీ వ్యాను బడి వెనక గేటు దగ్గర ఆగింది. శ్రీనివాసరాజు కాగితం జేబులో పెట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్ళాడు. పెద్దమ్మగారే స్వయంగా వచ్చారని తెలిసి శ్రీదుర్గ టీచరు ఎదురొచ్చి, ఆవిడని సైన్సు గదిలోకి తీసుకెళ్ళి కుర్చీ వేసింది.

కోనసీమ నుంచి ఉద్యోగానికి వచ్చిన పిల్ల. ముప్పయ్యేళ్ళుంటాయేమో. ముంజేతి దాకా సుద్దపొడి. ఇంత బక్కమనిషి ఇంకొకరి తిండికి వంకలు పెట్టడమేమిటా అనుకుంది బంగారమ్మ. మంచినీళ్ళిస్తే మాత్రం తాగింది. ఎదుటివాళ్ళు ఇచ్చింది వెనక్కి పంపడం ఆవిడకి రాదు.

"మా ఇంటి అన్నంలో ఏం లోపం కనబడిందండి టీచరుగారూ మీకు?"

శ్రీదుర్గ తెల్లబోయింది. "ఏ అన్నమండి?"

బంగారమ్మ చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆ అమ్మాయి మొహంలో అయోమయం పెరిగింది. నిన్న పాపాయమ్మగారు వరండాలో క్యారేజీతో నిలబడటం దూరం నుంచి చూశానంది. కాసేపయ్యాక చూస్తే లేరంది. తను వద్దనలేదంది. ఆ కాగితం రూలు కాదనీ, ఇష్టమైనవాళ్ళని సంతకం పెట్టమన్నామనీ, క్యారేజీలు వచ్చే పిల్లలు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారనీ చెప్పింది.

"అన్నం తినొద్దని నేనెందుకంటానండి? మా నాన్నగారు పౌరోహిత్యం చేస్తారు. ఊరందరూ ఇచ్చిన బియ్యంతో వండిన అన్నం తినే నేను పెరిగాను. తిన్నది ఒంటికి పట్టాలంటే పిల్లలు కదలాలని, కాస్త ఆకుకూరలూ పళ్ళూ కూడా తినాలని, అంతే చెప్పానండి."

"మరి మా పాపాయమ్మ అబద్ధం ఆడిందంటారా?"

శ్రీదుర్గ కిటికీలోంచి గ్రౌండు వైపు చూసింది. అక్కడ ఆడపిల్లలు గీతలు గీసి ఖోఖో ఆడుతున్నారు.

"పిల్లని పిలుస్తానండి. దాని నోటే వినండి. కానీ ముందు నా తప్పొకటి చెప్పాలి. శనివారం నాడు బరువులు రాసుకోమన్నాను. పైకి చదవద్దని సత్తియ్యగారికి చెప్పాలని నాకు తట్టలేదు. ఆయన అలవాటు కొద్దీ షెడ్డులో అరిచినట్టే అరిచారు. నేను ఆపేసరికి సగం క్లాసు అయిపోయింది."

సత్తియ్య తూకం ఎలా పాడతాడో బంగారమ్మకి తెలుసు. వ్యాపారి గుమాస్తాకి వినబడాలని, అంకెని సాగదీసి షెడ్డంతా మోగేలా అరుస్తాడు. రొయ్యలకైతే అది అందమే. ఆ గొంతుతో ఆడపిల్ల బరువు చదివితే ఎలా ఉంటుందో, శనివారం నుంచి ఇప్పటిదాకా ఆవిడ ఆలోచించలేదు. దిష్టి తీసింది గాని ఆలోచించలేదు.

శ్రీసత్య చున్నీ నడుముకి బిగించుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. మామ్మని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఊపిరి ఎగపోస్తోంది. శ్రీదుర్గ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, తను బయట ఉంటానని చెప్పి వెళ్ళింది.

"నిన్న అన్నం ఎవరు పంపించేశారు అమ్మడూ?"

"నేనే మామ్మా."

బంగారమ్మ చెవులు సరిగ్గానే విన్నాయి. అయినా పిల్ల ఇంకోసారి చెబుతుందేమోనన్నట్టు చూసింది.

"టీచరుగారి పేరు చెప్పమన్నది కూడా నేనే. పాపాయమ్మని ఏమీ అనకు. నా పేరు చెబితే నువ్వు బాధపడతావని..." శ్రీసత్య తల దించుకుంది. "ఇలా టీసీ దాకా వస్తుందనుకోలేదు."

"ఎందుకమ్మా? బాగోలేదా?"

"బాగుంటుంది మామ్మా. అందుకే పంపించేశాను. ఎదురుగా పెడితే నేను తినకుండా ఉండలేను. పాపాయమ్మ ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటుంది. అందరూ చూస్తుంటారు."

 శనివారం నుంచి తనని క్లాసులో ఇరవై కౌంటు అంటున్నారని చెప్పింది.

ఆ మాటకి అర్థం ఆ ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలుసు. ఇరవై కౌంటంటే కిలోకి ఇరవయ్యే తూగే రొయ్య. అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే ధర పలికేది. చెరువు గట్టు మీద ఆ మాట వింటే శ్రీనివాసరాజు మొహం వెలిగిపోతుంది. ఇంట్లో ఎన్నోసార్లు ఆ మాట మీద స్వీట్లు పంచారు. ఇవాళ అదే మాట తన మనవరాలి నోట విని బంగారమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్ల చూడకుండా పక్కకి తిరిగి తుడుచుకుంది.

"ఎవరే అన్నది? పేర్లు చెప్పు."

"వద్దు మామ్మా. నడిచేటప్పుడు అనరు. నాతో గట్టు మీద నడిచేవాళ్ళు పదకొండు మంది. మొదటి రోజు నాకు ఆయాసం వస్తే అందరూ తూము దగ్గర ఆగారు. నిన్న ఆగలేదు, ఆగక్కర్లేకపోయింది. వాళ్ళు నన్ను పేరు పెట్టే పిలుస్తారు." ఇప్పుడు తలెత్తి చూసింది. "ఇంట్లో నువ్వేం పెట్టినా తింటాను. కానీ బడికి పంపకు. టీసీ వద్దని నాన్నగారికి చెప్పు. నువ్వు చెబితేనే వింటారు."

బంగారమ్మ చూపు గోడ మీదికి పోయింది. అక్కడ పిల్లలు గీసిన బొమ్మలున్నాయి. జామకాయ, ములక్కాడ, రాగి జావ గ్లాసు. ఇన్నేళ్ళూ ఈ పిల్లకి తను పెట్టింది కొండంత ప్రేమ అనుకుంది. అది ఈ పిల్ల అందరి ముందూ మొయ్యాల్సిన బరువయింది. ఆ సంగతి పిల్ల తనతో చెప్పుకోలేక, అబద్ధం వెనక దాక్కుంది. అన్నిటికంటే ఆవిడకి నొప్పి కలిగించింది అదే. తన అలక తీర్చడానికి, డాక్టరు వద్దన్న నెయ్యి తిన్న మనిషి ఆ ఇంట్లో ఇంతకుముందే ఒకరున్నారు.

లాంగ్ బెల్ కొట్టారు. ఆవిడ లేచి నిలబడి, పైట సవరించుకుంది. తను ఏం అనబోతోందో ఆవిడకే వింతగా ఉంది.

"పద. ఇవాళ నీతో పాటు నేనూ గట్టు మీద నడిచే వస్తాను."

నలభై రెండేళ్ళ గోషా తీసి ఆ పిల్ల ముందు పెట్టింది ఆవిడ. అంతకంటే పెద్దది ఆవిడ దగ్గర లేదు. పిల్ల ఎగిరి వాటేసుకుంటుందనుకుంది.

శ్రీసత్య మొహం ఎర్రబడింది. కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ నిలబడింది.

"వద్దు మామ్మా. నువ్వు కారులో వెళ్ళు."

"ఏం? నడవలేననా?"

"నువ్వొస్తే వాళ్ళు మర్యాదకి పక్కకి తప్పుకుని నిలబడతారు. నాతో మాట్లాడరు."

పిల్ల అన్నది నిజమే.  బంగారమ్మ దాని చెంప మీద చెయ్యి వేసి, వెళ్ళమంది.

వ్యాను దగ్గర శ్రీనివాసరాజు కాగితం చేతిలోనే పట్టుకుని నిలబడి ఉన్నాడు. హెడ్మాస్టరు బతిమాలాడట. అమ్మగారు టీచరుతో మాట్లాడటం అయ్యాక, ఆవిడ మాట కూడా విని ఇవ్వండి, అయిదు దాకా ఇక్కడే ఉంటానన్నాడట. బంగారమ్మ వ్యాను ఎక్కి కూర్చుని, గట్టు వైపు తెర ఒక్కటి పక్కకి లాగింది.

ఆడపిల్లలు గుంపుగా గట్టు ఎక్కారు. మధ్యలో శ్రీసత్య. పిల్ల నడుస్తుంటే వెనక నుంచి చూడటం బంగారమ్మకి ఇదే మొదటిసారి. ఎప్పుడూ అది తన వైపు వస్తుంటేనే చూసింది. ఎవరో ఏదో అన్నారు, పిల్ల పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఇక్కడిదాకా వినిపించింది. దానికి తను చేసిందేమీ లేదు. 

తూము దాటి మలుపు తిరిగేదాకా చూసింది. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు.

"చెప్పమ్మా. లోపలికెళ్ళి ఇచ్చేసి రానా? అయిదైతే హెడ్మాస్టరు వెళ్ళిపోతాడు," అన్నాడు శ్రీనివాసరాజు.

బంగారమ్మ తెర వదిలేసింది. కొడుకు పుట్టినప్పటి నుంచి, చెరువులు తవ్వించాలా వద్దా అన్నా, పిల్లకి ఏం పేరు పెట్టాలన్నా, ఆవిడ దగ్గర జవాబు లేకుండా ఎప్పుడూ లేదు. టీసీ వద్దన్న పిల్ల మాట గుర్తుంది గాని, తన జవాబుల మీదే ఆవిడకి ఇప్పుడు నమ్మకం పోయింది.

"నాకు తెలీటం లేదురా శ్రీనూ," అంది.

ఆ మాట తల్లి నోట వినడం శ్రీనివాసరాజుకి అదే మొదటిసారి. చేతిలో కాగితంతో, బడి వైపు వెళ్ళాలో బండెక్కాలో తెలియక అతను అక్కడే నిలబడిపోయాడు.